అమ్మలూ, పిక్‌ని అంతలా బిగించొద్దు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. తీగలు మీటే ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, అదే పిక్, పాట మధ్యలో గిర్రున తిరిగిపోతోందనీ, ఒక్కోసారి గిటార్ కడుపులోకే పడిపోతోందనీ, ఇక బొటనవేలితోనే వాయించుకుంటాననీ అన్నావు. వేళ్ళతో వాయించడం తప్పేం కాదు, అదీ ఒక పెద్ద విద్యే. కానీ నువ్వు కూర్చోబోయేది ఒంగోలు చర్చిలో, క్వయర్ పక్కన. కీబోర్డు, డ్రమ్ ప్యాడ్స్, అంతమంది గొంతులు. వాటి మధ్య బొటనవేలి శబ్దం నీకే వినపడదు. కాబట్టి పిక్ వదలొద్దు.

జారుతోందని నువ్వు ఇంకా గట్టిగా పట్టుకుంటున్నావని నా అనుమానం. అందరూ చేసేదే. బొటనవేలు బిగిస్తే మణికట్టు బిగుసుకుంటుంది, మణికట్టు బిగుసుకుంటే మోచేతితో కొట్టడం మొదలవుతుంది. అప్పుడు పిక్ తీగని దాటకుండా దానికి అడ్డంపడుతుంది. తీగ ఎదురు తోస్తుంది, పిక్ తిరుగుతుంది. ముగ్గు వేసేటప్పుడు పిండిని ఎలా పట్టుకుంటావు? అంతే బలం చాలు. చూపుడు వేలిని లోపలికి మడిచి, చివరి కణుపు పక్కన పిక్ పెట్టు, మొన తీగల వైపు ఉండాలి. దాని మీద బొటనవేలు ఆనించు. మిగతా వేళ్ళు వదులుగా ఉండనీ. వేళ్ళ బయటికి మొన రెండు మూడు మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. నువ్వు సగం పిక్ బయట పెట్టి ఉంటావు, తీగకి అంత దొరికితే లాగేస్తుంది మరి.

ఇంకోటి, పిక్ తీగలకి నిటారుగా తగలకూడదు. కిందికి వెళ్ళేటప్పుడు మొన కొంచెం పైకి, పైకి వచ్చేటప్పుడు కొంచెం కిందికి వాలాలి. చెయ్యి వదులుగా ఉంటే ఇది దానంతటదే వస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఆరు తీగలూ తగలాలని లేదు, కింది సన్న తీగలు మూడో నాలుగో తగిలితే చాలు.

ఇక మందం. షాపులో ఏదిస్తే అది తెచ్చుకోవద్దు, పిక్ మీద అంకె చూడు, అది మిల్లీమీటర్లలో మందం. 0.46 లాంటి పల్చటివి తేలిగ్గా వంగుతాయి కానీ టపటపమని ప్లాస్టిక్ చప్పుడు ఎక్కువ. 1 మిల్లీమీటరు, అంతకు మించినవి ఒక్కొక్క తీగ మీద లీడ్, అంటే పాట వరస, వాయించేవాళ్ళకి బాగుంటాయి, నీకు ఇప్పుడు వద్దు. 0.60 ఒకటి, 0.73 ఒకటి తీసుకో. డన్‌లప్ కంపెనీ టోర్టెక్స్ రకం దొరికితే నారింజ రంగుది 0.60, పసుపుది 0.73. ఒక్కటే కొనకు, పిక్‌లు సోఫా సందుల్లోకి పోవడానికే పుట్టాయి. మరీ దొరక్కపోతే గడువు తీరిన ఏటీఎం కార్డు కత్తిరించు. దాని మందం 0.76 మిల్లీమీటర్లు, చక్కగా సరిపోతుంది. అంచులు మాత్రం గరుకు కాగితంతో నున్నగా రుద్దు.

గోధుమరంగు మచ్చల పిక్‌లు కనిపిస్తాయి చూడు, ఒకప్పుడు అవి నిజంగా తాబేలు పెంకుతోనే చేసేవాళ్ళు, హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలుది. 1970లలో ఆ వ్యాపారం మీద అంతర్జాతీయంగా నిషేధం వచ్చింది. ఇప్పుడున్నది ప్లాస్టిక్కే, మచ్చలు అందానికి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేరేలే.

మన సముద్రపు ఉక్కలో చెయ్యి చెమట పట్టడం మామూలే. వేళ్ళు ఆనేచోట గరుకు అచ్చు ఉన్న నైలాన్ పిక్ అడుగు, లేదా ఉన్నదాన్నే సూదితో అడ్డంగా గీకు. చేతులు కడుక్కుని పొడిగుడ్డతో తుడుచుకుని కూర్చో. కొబ్బరినూనె పెట్టి జడ వేసుకున్న చేత్తో మాత్రం గిటార్ ముట్టుకోవద్దు. పిక్ ఎలాగూ నిలవదు, తీగలూ జిడ్డుపట్టి మూగబోతాయి.

ఈ వారం పాటలు పక్కన పెట్టు. ఎడమ చెయ్యి తీగల మీద మెల్లగా ఆనించి మోగకుండా చేసి, ఫోన్‌లో తాళం టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60కి పెట్టి, కుడి చేత్తో నాలుగు దెబ్బలూ కిందికే కొట్టు. అది కుదిరాక మధ్యలో పైదెబ్బలు కలుపు. చకచకమని చప్పుడు తప్ప సంగీతం ఏమీ ఉండదు, మీ అమ్మ విసుక్కుంటుంది. విసుక్కోనీ. మోచెయ్యి నొప్పెడితే ఆపెయ్యి, మళ్ళీ బిగించావని అర్థం.

పిక్ లోపల పడితే గిటార్‌ని పట్టుకుని ఊపెయ్యకు. ముందు వాల్చి, పిక్‌ని జార్చి గుండ్రటి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా తెచ్చుకో, అప్పుడు చటుక్కున బోర్లించు. పడిపోతుంది.

ఆదివారం ఒక వీడియో పంపు. మొహం కనపడకపోయినా ఫర్వాలేదు, కుడి చెయ్యి మణికట్టుతో సహా కనపడాలి.

మామయ్య,
కావలి