ఎనిమిదో నంబరా, తొమ్మిదో నంబరా?

ప్రశ్న: తుపానప్పుడు కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరికగా ఒకసారి ఎనిమిదో నంబరు, ఒకసారి తొమ్మిదో నంబరు ఎగరేస్తారు. తొమ్మిదంటే గాలి ఇంకా జోరనా?
– ఒక పాఠకుడు, గార మండలం

జవాబు: కాదండీ. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ పెద్ద ప్రమాదానివే. తుపాను సాగే దారికి రేవు ఎడమ చేతి వైపు పడితే ఎనిమిది, కుడి చేతి వైపు పడితే తొమ్మిది, రేవు మీదుగానో బాగా దగ్గరగానో వెళ్తే పది. అంతే తేడా.

అంతే అన్నాం గానీ, ఉప్పెన సంగతి తేలేది అక్కడే. మన సముద్రంలో తుపాను గాలి గడియారం ముళ్ళకు ఎదురు తిరుగుతుంది. తుపాను మీకు దక్షిణంగా దాటితే, అంటే తొమ్మిదో నంబరైతే, గాలి సముద్రం మీంచి ఊరి మీదకు తోస్తుంది, నీళ్ళను వెంటబెట్టుకొస్తుంది. ఉత్తరంగా దాటితే, అంటే ఎనిమిదైతే, గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. అప్పుడు రేకులు లేచిపోవచ్చు, చెట్లు కూలొచ్చు, ఉప్పెన మాత్రం తక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది, కళింగపట్నం దానికి ఎడమ పక్కన పడింది. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, అప్పుడు మీది కుడి పక్క. కాబట్టి రేడియోలో గాలి వేగంతో పాటు తీరం ఎక్కడ దాటుతుందన్నారో వినండి. ఆ వేళకు సముద్రం పోటా (నీరు పెరిగే వేళా), పాటా (తగ్గే వేళా) అన్నది మీ ఊరి చేపల వేటగాళ్ళని అడగండి. అమావాస్య, పున్నమి పోటైతే నీరు ఇంకా పైకొస్తుంది.

ప్రశ్న: శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఉంటున్నాం. సముద్రం దూరమే కదా, మాకేం భయం?

జవాబు: మీకు ముప్పు ఎగువ నుంచి. తుపాను ఒడిశా కొండల్లోకి పోయి కురిశాక ఆ నీరు నాగావళి మీది తోటపల్లి బ్యారేజీ మీదుగా ఆలస్యంగా దిగుతుంది. ఇక్కడ ఎండ కాసినా వరద రావచ్చు. ఏరు పొంగితే ఊరి కాలువల నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది, వాకిట్లోకి రాకముందే బాత్రూం తూములోంచి పైకొస్తుంది. తూము మీద, కమోడ్‌లో ఇసుక మూటలు పెట్టండి. గుమ్మానికి వేసే సంచులు సగానికి కొంచెం పైగా నింపితే చాలు. బిర్రుగా నింపితే గుండ్రంగా ఉండి సందులు వదిలేస్తాయి. మూతి కిందకి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు పడకుండా పేర్చాలి. బయట నీరు రెండు అడుగులు దాటేలా ఉంటే ఆపాలని చూడొద్దు, గోడే కూలుతుంది. ఇల్లు వదిలి మెరక మీదకు పోండి.

ప్రశ్న: నూతిలో ఉప్పెన నీరు పడితే బ్లీచింగ్ వేస్తే సరిపోతుందా?

జవాబు: క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. నుయ్యి వెడల్పును వెడల్పుతో హెచ్చించి, నీటి లోతుతో, మళ్ళీ 785తో హెచ్చించండి. కొలతలు మీటర్లలో ఉంటే లెక్క లీటర్లలో వస్తుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా పొడి, వరద తర్వాత రెట్టింపు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటనే పోసి, గంట ఆగండి. ఉప్పు పోవాలని మోటారుతో ఒక్కసారిగా తోడేస్తే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి లాగబడుతుంది. రోజూ కొంచెం కొంచెం తోడండి, మిగతాది వానలు చూసుకుంటాయి.