గ్యాస్ మీద కుదిపే పాత రేంజ్ రోవర్: స్క్రాప్‌కి ఇచ్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: 2000 నాటి రేంజ్ రోవర్ 4.6, ముందటి ఓనరే ఎల్పీజీ కిట్ పెట్టించాడు. పెట్రోల్ మీద బాగానే నడుస్తోంది. గ్యాస్‌కి మారాక మోటార్‌వే ఎక్కేటప్పుడు కుదుపులు, రెండుసార్లు ఢామ్మని బ్యాక్‌ఫైర్. గ్యారేజీ వాళ్లు ఇంజిన్ పోయింది, స్క్రాప్‌కి ఇచ్చేయమన్నారు.

ఇవ్వకండి. ఇంజిన్ పోయిందని రుజువయ్యేదాకా అసలు ఇవ్వకండి.

నాదీ అదే 4.6 వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), 1998 మోడల్. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఉంటాను. ఈ బండి తయారైన సోలిహల్ మాకు దగ్గరే. ఏడేళ్లుగా ఆఫీసుకీ, పిల్లల స్కూలుకీ దీంట్లోనే తిరుగుతున్నాం, చాలా మటుకు పనులు నేనే చేసుకుంటాను. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఏంటంటే, గ్యాస్ మీద బయటపడే జబ్బుల్లో ఎక్కువ భాగం గ్యాస్ కిట్‌వి కావు. అయితే స్పార్క్‌ది, లేదంటే కూలెంట్‌ది, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవానిది. పెట్రోల్ మీద అవి తెలియవు, అంతే.

ముందు స్పార్క్ సంగతి. గ్యాస్‌ని అంటించడానికి ప్లగ్ దగ్గర పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ వైర్లు కాస్త బలహీనపడినా పెట్రోల్ ఎలాగోలా మండిపోతుంది. గ్యాస్ సరిగా మండదు, నెమ్మదిగా మండుతూ ఉంటుంది. ఈలోగా ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటే ఆ మంట వెనక్కి వెళ్లి, లోపలికి వస్తున్న గ్యాస్‌ని అంటిస్తుంది. మీకు వినిపించిన ఢామ్ అదే అయి ఉండాలి.

నా బండికి అప్పట్లో పాత మిక్సర్ రకం కిట్ ఉండేది. గాలి వెళ్లే గొట్టంలోనే గ్యాస్ కలుస్తుంది కాబట్టి ఇన్‌టేక్ మొత్తం మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే రౌండబౌట్ దాటుతుండగా పేలింది. బానెట్ ఎత్తి చూస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత ఊడి పక్కన పడుంది, రెండు క్లిప్పులు విరిగాయి. వెనక సీట్లో పాప ఏడుపు. ఆ ఏడుపు విన్నాకే ఈ విషయం పట్టుదలగా నేర్చుకున్నాను. మీది మిక్సర్ రకమో, సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉన్న రకమో ఈరోజే చూడండి. రెండో రకంలో ఈ ప్రమాదం చాలా తక్కువ. మిక్సర్ అయితే మాత్రం రిపేరు అయ్యేదాకా గ్యాస్ స్విచ్ ముట్టుకోకండి. పేలుడుకి ఎయిర్ ఫ్లో సెన్సార్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) దెబ్బతింటే పెట్రోల్ మీద కూడా నడవడం కష్టమవుతుంది.

ప్లగ్ వైర్లు చూడటానికి తేలిక పద్ధతి ఒకటుంది. బాగా చీకటి పడ్డాక, ఆరుబయట, ఇంజిన్ పెట్రోల్ మీద స్టార్ట్ చేసి బానెట్ ఎత్తండి. టార్చ్ ఆపేయండి. స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద మంచులా సన్నగా నీళ్లు చల్లండి. చేతులు దూరంగా ఉంచండి, షాక్ గట్టిగా కొడుతుంది. నేను చల్లినప్పుడు ఎడమ వైపు వెనక రెండు వైర్ల మధ్య నీలం రంగు మెరుపులు టిక్కు టిక్కుమని దూకడం కళ్లారా చూశాను. అవి ఐదో, ఏడో సిలిండర్ల వైర్లు. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-8-4-3-6-5-7-2. పక్కపక్కనే ఉన్న ఐదు, ఏడు ఒకదాని వెంట ఒకటి మండుతాయి. అందుకే ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉండకూడదు. నాకు కిట్ బిగించినాయన అన్నిటినీ కలిపి ఒకే టై వేసి కట్టేశాడు, చూడ్డానికి నీట్‌గా ఉండాలని కాబోలు. వైర్లు, ప్లగ్గులు కొత్తవి వేసి, ప్లగ్ గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకు తగ్గించి, ఆ రెండు వైర్లనూ విడదీశాను. మళ్లీ పేలలేదు. తర్వాతి ఏడాది కిట్ కూడా ఇంజెక్టర్ల రకానికి మార్పించాను.

మరుసటి చలికాలం ఇంకో తలనొప్పి. ఇరవై నిమిషాలు నడిపాక గ్యాస్ దానంతట అదే కట్ అయి పెట్రోల్‌కి మారిపోయేది. ట్యాంకులో గ్యాస్ ఉంది, ఫిల్టర్లు కొత్తవి. ఒక గ్యారేజీలో రెడ్యూసర్ (ద్రవ ఎల్పీజీని ఆవిరిగా మార్చే భాగం) మార్చాలన్నారు, డబ్బు కట్టి మార్పించాను, అయినా అదే తంతు. చివరికి రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తితే రెడ్యూసర్ ఒళ్లంతా తెల్లగా మంచు పట్టి ఉంది. ఇంజిన్ పక్కన, అంత వేడిలో! ద్రవంగా వచ్చే ఎల్పీజీ ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడి ఇచ్చేది హీటర్ గొట్టాల్లో తిరిగే కూలెంట్. కూలెంట్ తగ్గితే ముందు చల్లబడేది రెడ్యూసరే. టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంటుంది, అదే మోసం.

మరి కూలెంట్ ఎటు పోతోంది? కింద ఒక్క చుక్క లేదు. అద్దం లోపలి వైపు పొగమంచులా పట్టడం, ఏసీలో తియ్యటి వాసన రావడం ఎప్పటినుంచో ఉంది, వాన చెమ్మ అనుకుని వదిలేశాం. కార్పెట్ ఎత్తి కింది స్పాంజ్ నొక్కితే నీళ్లు కారాయి, వేలికి జిగురుగా తగిలాయి. డ్యాష్‌బోర్డ్ వెనక హీటర్‌కి రెండు గొట్టాలు కలిసే చోట చిన్న రబ్బరు ఓ-రింగులుంటాయి. వయసుకి అవి గట్టిపడి కారడం పీ38 (మన ఈ మోడల్ రేంజ్ రోవర్ పేరు) ఉన్నవాళ్లందరికీ తెలిసిన సమస్యే. రింగుల ఖర్చు కొన్ని పౌండ్లు, నాకు పట్టింది ఒక ఆదివారం మొత్తం. దీన్ని నాన్చకండి. ఈ బండిలో ముఖ్యమైన ఎలక్ట్రికల్ కంట్రోల్ బాక్సు ముందు సీటు కిందే ఉంది, తడి అక్కడికి చేరితే ఖర్చు వందల్లో ఉంటుంది.

ఇక ఇంజిన్ పోయిందన్న మాట. ఈ వీ8లో లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) కదలడం, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోవడం నిజంగానే జరుగుతాయి, కాదనను. కానీ అది మాటతో తేల్చే విషయం కాదు. కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయమనండి. కూలెంట్ డబ్బా మీద నీలం ద్రవంతో చేసే పరీక్ష కూడా చేయమనండి. సిలిండర్లలో మండిన వాయువులు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపుగా మారుతుంది. ఇంట్లో మీరే చేయగలిగింది ఇంకోటి: రాత్రంతా ఆపి ఉంచిన బండి పై రేడియేటర్ గొట్టం పొద్దున్నే నొక్కి చూడండి. చల్లటి ఇంజిన్‌లోనూ అది బిగుసుకుని ఉంటే అనుమానించాల్సిందే. మెత్తగా ఉండి, రంగు మారకపోతే గ్యారేజీ వాళ్ల తీర్పుని పక్కన పెట్టండి.

ట్యూనింగ్ అన్నిటికన్నా చివర. ముందు పెట్రోల్ మీద ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలు) సున్నాకి దగ్గరగా ఉండాలి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ పెట్టి గ్యాస్ సర్దాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అప్పుడు పెట్రోల్‌లో ఉన్న తప్పుని గ్యాస్ మ్యాప్‌లో (గ్యాస్ ఎంత ఇవ్వాలో చెప్పే పట్టికలో) దాచినట్టవుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

మా అమ్మ నరసరావుపేట నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "సిలిండర్ పెట్టుకుని పిల్లల్ని తిప్పుతున్నావా నాయనా" అని భయపడుతుంది. వంటింటి సిలిండర్లు వ్యాన్లలో పెట్టి నడిపిన రోజులు ఆమె చూసింది, ఆ భయం న్యాయమైందే. కారు ట్యాంకు అది కాదు, 80 శాతం నిండగానే వాల్వ్ ఆపేస్తుంది. అయినా ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పల్లంలో నిలుస్తుంది. అందుకే నేను షట్టర్ మూసిన గ్యారేజీలో గానీ, పిట్‌లో గానీ గ్యాస్ పని చేయను. నెలకోసారి ప్రతి జాయింట్ మీదా సబ్బు నీళ్లు చల్లి చూస్తాను. అదే బాటిల్ ఎయిర్ సస్పెన్షన్ (బండిని గాలి సంచుల మీద నిలబెట్టే ఏర్పాటు) లీకులకీ పనికొస్తుంది. రాత్రికి రాత్రే ఒక మూల కుంగితే ముందు ఆ మూల ఎయిర్ స్ప్రింగ్ మీద బుడగలు వెతకండి.

ఖర్చు సంగతికొస్తే, నాది పెట్రోల్ మీద లీటరుకు ఐదున్నర కిలోమీటర్లు, గ్యాస్ మీద నాలుగున్నర. గ్యాస్ ధర పెట్రోల్ కంటే బాగా తక్కువ కాబట్టి ఇంకా గిట్టుబాటే. కాకపోతే గ్యాస్ దొరికే బంకులు తగ్గిపోతున్నాయి, మీ దారిలో ఒక్కటైనా ఉందో లేదో చూసుకోండి. ఎల్పీజీ బండిని ఛానల్ టన్నెల్ రైల్లో ఎక్కనివ్వరు, ఫ్రాన్స్ వెళ్లాలంటే ఫెర్రీయే. లండన్ యూలెజ్‌లో (పొగ ఎక్కువ వదిలే బండ్లకి రుసుము వేసే ప్రాంతంలో) గ్యాస్ కిట్‌కి మినహాయింపు లేదు, మా బండికి రోజుకి పన్నెండున్నర పౌండ్లు కట్టాల్సిందే. ఇన్సూరెన్స్ వాళ్లకి కిట్ సంగతి తప్పకుండా చెప్పండి, సర్టిఫికెట్ అడుగుతారు.

ఈ శనివారం చీకటి పడ్డాక వైర్ల పరీక్ష చేయండి, ఆదివారం కార్పెట్ ఎత్తి చూడండి. రెడ్యూసర్ ఫొటో ఒకటి, పెట్రోల్ మీద వేడెక్కాక ఇంజిన్ రెండు వైపుల ట్రిమ్ అంకెలు ఇక్కడ పెట్టండి. చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.