సమాధానం: ఆగస్టులో తడోబా సఫారీ

ఆగస్టు రెండో వారంలో పిల్లలతో మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యానికి వెళ్దామంటే, అడవి లోపలి ప్రధాన భాగానికి (కోర్) వెళ్లే మొహర్లీ గేటుకు సఫారీ తేదీలే దొరకట్లేదన్నారు కదా, అది వెబ్‌సైట్ సమస్య కాదండి. వానాకాలంలో జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కోర్ ఏరియా మూసేస్తారు. మిగతా నెలల్లో కూడా మంగళవారం సెలవే, అది చూసుకుని రైలు టికెట్లు తీసుకోండి.

కోర్ చుట్టూ ఉండే బఫర్ అడవి గేట్లు వానల్లోనూ నడుస్తాయి. కాకపోతే గడ్డి ఏపుగా పెరిగి, నీళ్లు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి కాబట్టి పులి కనపడటం కష్టం. నా మాట వింటే వేసవి సెలవులకు మార్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు తాళలేక పులులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి. తడోబా ఉన్న చంద్రపూర్ జిల్లా ఎండ మాత్రం మామూలుది కాదు, పిల్లలకు టోపీలు, నీళ్లు మరవద్దు.

జీపు ఆగితే మాట్లాడకుండా వినండి. చెట్టు మీద కొండముచ్చు ఖక్ ఖక్ మని అరుస్తుంటే, కింద కణుజు (పెద్ద జింక) తోక నిక్కబొడిచి ఒకేవైపు చూస్తుంటే, పులో చిరుతో దగ్గర్లోనే ఉందన్నమాట. ఆ నిమిషం పిల్లలు జన్మలో మర్చిపోరు. బుకింగ్‌లో ఇచ్చిన ఐడీ ఒరిజినలే తీసుకెళ్లండి.