ఓపీజీలో పై పళ్ల మీద నల్ల పట్టీ: సమాధానం

డాక్టర్ గారూ, తిరుపతిలో ఓరల్ రేడియాలజీ సొసైటీ మీటింగ్ పోస్టర్ కోసం తీసిన ఓపీజీలన్నింట్లో (మిషన్ తల చుట్టూ తిరిగి పళ్లు, దవడలు అన్నీ ఒకే ఫొటోలో తీసే ఎక్స్‌రే) పై పళ్ల వేర్ల మీదుగా నల్లటి పట్టీ పడుతోంది, మిషన్ పాడైందా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మిషన్ బాగానే ఉంది. నాలుక అంగిలికి ఆనకపోతే మధ్యలో గాలి మిగిలిపోతుంది, అక్కడ ఎక్స్‌రే అడ్డు లేకుండా వెళ్లిపోయి వేర్ల చివర్లను నల్లగా కప్పేస్తుంది. "నాలుక పైకి పెట్టండి" అంటే చాలామంది కొన మాత్రమే ఆనిస్తారు, అదే సమస్య. పెదాలు మూసి ఒకసారి గుటక వేయమనండి, నాలుక మొత్తం అంగిలికి అంటుకుంటుంది, మిషన్ తిరగడం ఆగేదాకా అలాగే ఉంచమనండి. చిత్తూరు వైపు నుంచి తమిళం మాట్లాడేవాళ్లు వస్తే వాళ్ల భాషలోనే చెప్పించండి.

మీరు పంపిన రెండో ఫొటోలో కుడి పై దవడ మీది మసక తెల్లమచ్చ జబ్బు కాదు, ఎడమ చెవి కమ్మ నీడ. అది ఎప్పుడూ ఎదుటి వైపు, కాస్త పైన, అసలు కమ్మ కన్నా పెద్దగా పడుతుంది. కమ్మలు, ముక్కుపుడక ముందే తీయించాలి.

ఒక్క మాట, పోస్టర్ కోసమని అదే పేషెంట్లకు మళ్లీ ఓపీజీ తీయకండి, దయచేసి. వైద్యానికి వేరు చివర చూడాల్సి వస్తే ఆ పన్ను వరకు చిన్న ఎక్స్‌రే చాలు. పోస్టర్‌లో పేషెంటు పేరు, ఓపీ నంబరు చెరిపేయండి.