టీచర్ల నోట పడ్డ పేరు వల్ల పిల్లలు ఇంకా చెడిపోతారా?

ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయికి బడిలో 'రౌడీ' అని పేరు పడిందనీ, ఆ పేరు వల్లే ఇంకా మొండికేస్తున్నాడేమోననీ అడిగారు. ఆ అనుమానం నిజమే కావచ్చండీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఒక పిల్లాడి విషయంలో ఆ తప్పు నేనే చేశాను.

జూన్‌లో ఎనిమిదో తరగతి నాకు అప్పగించిన రోజే స్టాఫ్ రూమ్‌లో అన్నారు, "చివరి బెంచీలో ఒకడుంటాడు, వాడితో జాగ్రత్త" అని. ఇక క్లాసులో ఏ మూల గుసగుస వినిపించినా నా చూపు వాడి మీదికే పోయేది. హోంవర్క్ తేకపోతే మిగతావాళ్లకు "రేపు చూపించు" అనేవాడిని, వాడినైతే బయట నిలబెట్టేవాడిని.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసుకు వెళ్లేసరికి ఫ్యాన్ రెక్క వంగిపోయి ఉంది. ఎవరు చేశారని కూడా అడగలేదు. వాడిని లేపి చెంప మీద కొట్టాను. పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉందని తెలిసీ కొట్టాను. వాడు ఏడవలేదు. మోచేతుల దాకా తెల్లగా బియ్యం దుమ్ము అంటుకుని ఉంది, అదీ నా కంటికి ఆనలేదు. భోజనం బెల్లు కొట్టినప్పటి నుంచీ వంటగదిలో బస్తాలు సర్దుతున్నాడని సాయంత్రం వంటావిడ చెప్పింది. మర్నాడు పిలిచి, "నేను కాదని చెప్పొచ్చు కదరా" అన్నాను.

"చెబితే నమ్ముతారా సార్?" అన్నాడు.

తప్పు నాదేనని క్లాసు ముందే ఒప్పుకున్నాను. కానీ ఆలస్యమైపోయింది. దసరా సెలవుల తర్వాత బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు, సంక్రాంతికల్లా నిజంగానే కిటికీ అద్దాలు పగలగొట్టాడు. ఇంట్లోనూ కష్టాలున్నాయి, అంతా నా వల్లే అనను. నా వంతు మాత్రం ఉంది.

నేరం చేశాడన్న పిల్లాడి విషయంలో కూడా నిందించే మాటలు వాడకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. అలాంటిది మేం అల్లరి చేసినవాడికే రౌడీ అని పేరు పెట్టేస్తాం.

మీరు బడికి వెళ్లినప్పుడు "మావాడు ఎలాంటివాడు" అని అడగకండి. ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏం చేశాడో అడగండి. నిజంగా చేసి ఉంటే వెనకేసుకు రావద్దు. ఇంట్లో కోపంలో కూడా ఆ 'రౌడీ' మాట అనకండి. ఏ సార్ దగ్గర కుదురుగా ఉంటాడో వాడినే అడిగి, ముందు ఆయన్ని కలవండి. మా బడిలో ఇలాంటి పిల్లలకు ఎక్కువగా ఆ మనిషి డ్రిల్లు మాస్టారే.