ఆరుగురున్న ఇంటికి మూడు వరసల పెద్ద ఎస్‌యూవీ కొనవచ్చా? మా బండితో మేం పడ్డవి, సుఖపడ్డవి

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో ఆరుగురు, ఉన్నది చిన్న కారు, ఊరెళ్ళాలంటే రెండు బళ్ళు కట్టాల్సి వస్తోంది, ఇరవై పాతిక లక్షలు పెట్టి మూడు వరసల ఎస్‌యూవీ తీసుకోవచ్చా అని. ఇదే ప్రశ్నతో నేనూ ఆరు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి కొన్నాను. డీజిల్, ఏడు సీట్లు. ఐదేళ్ళు కావస్తోంది, 74 వేల కిలోమీటర్లు తిరిగింది. మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో, అమ్మానాన్నలది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బండి ఏ కంపెనీదో అడక్కండి. నేను చెప్పేవి ఏ పెద్ద బండికైనా ఇంచుమించు వర్తిస్తాయి.

మూడో వరస గురించి ముందే చెప్పేస్తాను. ఆరుగురూ ఎక్కితే కనీసం ఒకరు, తరచూ ఇద్దరు వెనక కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారన్నది తేల్చుకోండి. ఆ సీటు కింద వెనక చక్రాల సరంజామా ఉంటుంది కాబట్టి అక్కడ నేల ఎత్తు, సీటు పొట్టి. పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి గొంతుక్కూర్చున్నట్టే ఉంటుంది. మా బావమరిది ఐదడుగుల పదంగుళాల మనిషి. పంతంగి టోల్‌గేట్ దాకా జోకులేశాడు. నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగాక మాటలు తగ్గాయి. మిర్యాలగూడలో టీకి ఆపితే దిగి నడుం పట్టుకుని, "బావా, ఇక్కణ్ణుంచి నేను బస్సెక్కుతా" అన్నాడు.

పిల్లలకైతే చోటు సరిపోతుంది, వాళ్ళతో వచ్చేది వాంతుల బెడద. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నాం. స్టీరింగ్ పట్టుకున్న నాకు ఏమీ తెలియలేదు. వెనక చక్రాల మీద కూర్చున్నవాళ్ళకి మాత్రం ప్రతి మలుపూ ఉయ్యాలే. కిటికీ చిన్నది, ముందు సీట్ల వీపులు తప్ప రోడ్డు కనబడదు. మా చిన్నది గబుక్కున చేతికందిన లడ్డూల కవరు లాక్కుంది. "అందులో కాదే తల్లీ!" అని వాళ్ళ నాయనమ్మ కేకపెట్టి కవరు లాగేసింది. ఆఖరికి తాతయ్య కండువా బలైంది. అప్పటి నుంచి ఘాట్ రోడ్డంటే పిల్లల్ని రెండో వరసలోకి మారుస్తాం, నేనూ నెమ్మదిగా తిప్పుతాను. ఎత్తు బండి కాబట్టి ఊగడం ఎలాగూ ఎక్కువే.

సామాను సంగతి సంక్రాంతికి తెలిసింది. మూడో వరస లేపి ఉంచితే డిక్కీలో రెండు స్కూలు బ్యాగులు నిలబెట్టేంత చోటు మిగులుతుంది. వెళ్ళేటప్పుడు ఎలాగో సర్దుకున్నాం. వచ్చేటప్పుడు బియ్యం బస్తా, అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ, నెయ్యి, నాన్న ఆఖరి నిమిషంలో తెచ్చి పెట్టిన రెండు గుమ్మడికాయలు. ఏడుగురం ఎక్కితే సామాను ఎక్కదు, సామాను ఎక్కితే ఏడుగురం ఎక్కం. ఇప్పుడు పైన క్యారియర్ వేయించాను.

ఇక ఎక్కడం దిగడం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కొనేటప్పుడు ఈ విషయం ఎవరికీ తట్టలేదు, షోరూంకి వెళ్ళింది నేనూ మా ఆవిడా మాత్రమే. బండి ఊరికి తీసుకెళ్ళి పూజ చేయించాక అమ్మని ఎక్కమంటే ఆమె తలుపు దగ్గర నిలబడి బండి వంకా నా వంకా చూసింది. కాలు ఎత్తింది, అందలేదు. మళ్ళీ ఎత్తింది. నేను చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే, "నలుగురూ చూస్తున్నార్రా" అని వెనక్కి తగ్గింది. చివరికి వంటింట్లోంచి భోజనాల పీట తెచ్చి వేశాం. తర్వాత సైడ్ స్టెప్ వేయించినా ఆమెకి దాని మీద నమ్మకం కుదర్లేదు. పీట ఇప్పటికీ బండిలోనే తిరుగుతోంది. ఒక్కసారి ఎక్కి కూర్చుంటే మాత్రం ఆమెకి ఆ ఎత్తే ఇష్టం. కాళ్ళు కిందికి వేలాడేసి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుందట, మా పాత చిన్న కారులో నేల మీద చతికిలబడ్డట్టు ఉండేదట.

ఎత్తుతో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బానెట్ ముందు మూడు నాలుగడుగుల దూరంలో చిన్న పిల్లాడు నిలబడితే డ్రైవర్‌కి కనబడడు. మా సెల్లార్లో ఒకరోజు పొద్దున్న ఆఫీసు హడావిడిలో స్టార్ట్ చేసి బ్రేకు మీంచి కాలు తీయబోతుంటే వాచ్‌మన్ గట్టిగా అరిచాడు. దిగి చూస్తే బంపర్ ముందు పక్క ఫ్లాట్ వాళ్ళ బుడ్డోడు, మూడు చక్రాల సైకిలు మీద. వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు, నాకు కాళ్ళు వణుకుతున్నాయి. ముందు కూడా కెమెరా ఉన్న వేరియంట్ దొరికితే సన్‌రూఫ్ వదులుకునైనా అదే తీసుకోండి. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు చాలా బళ్ళలో రెండో వరసకే ఉంటాయి, అదీ చూసుకోండి.

పార్కింగ్ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. ఈ బళ్ళు దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, అద్దాలు కలిపితే రెండు దాటుతాయి. మా స్లాట్ పక్కన పిల్లర్ ఉంది. అందర్నీ ముందే దింపేసి, నేను పొట్ట లోపలికి పీల్చుకుని బయటికొస్తాను.

డీజిల్ అయితే ఒకటి గుర్తుంచుకోండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కాలుష్య నిబంధనల ప్రకారం వస్తున్న డీజిల్ బళ్ళలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పొగ గొట్టం బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. కొన్నాళ్ళు మా ఆవిడ పిల్లల్ని దింపడానికి మూడు కిలోమీటర్ల స్కూలుకి దీన్నే వాడింది. నెల తిరిగేసరికి డాష్‌బోర్డు మీద ఆ ఫిల్టర్ హెచ్చరిక లైటు వెలిగింది. నాకు ఒకటే టెన్షన్, పెద్ద ఖర్చు తగులుకుందని. తెలిసిన మెకానిక్ మాన్యువల్ తీసి చూపించి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఆపకుండా ఓ అరగంట పోనివ్వండి అన్నాడు. శంషాబాద్ వైపు వెళ్ళొచ్చేసరికి లైటు ఆరిపోయింది. ఊళ్ళో తిరుగుడే ఎక్కువైతే పెట్రోలో హైబ్రిడ్డో చూసుకోండి.

డబ్బు లెక్క చూస్తే నేను ఓడిపోయాను. అప్పట్లో ఇలాంటి బండి మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్ కలిపి బండి అసలు ధర మీద 50 శాతం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి దిగింది, కానీ చిన్న కార్లకి 18 శాతానికి తగ్గింది కాబట్టి తేడా తేడాలాగే ఉంది. మంచి చిన్న కారు కంటే నాకు అదనంగా అయింది 12 లక్షలు. అందరం కలిసి ఊరెళ్ళేది ఏడాదికి ఆరుసార్లు. డ్రైవర్ బత్తాతో సహా అద్దె బండికి ఒక్కో ట్రిప్పుకి పదివేలు వేసుకున్నా ఏడాదికి అరవై వేలు. ఆ 12 లక్షలతో ఇరవై ఏళ్ళు అద్దె బండిలో తిరగొచ్చు. పైగా ఊళ్ళో మైలేజీ తొమ్మిదో పదో, హైవే మీద పద్నాలుగు. నాలుగు టైర్లు మారిస్తే 58 వేలయింది. ఒక్క టోల్ దగ్గరే లాభం, ఫాస్టాగ్‌లో చిన్న కారుకి ఎంతో దీనికీ అంతే.

మరి అమ్మేయలేదేం అంటారా? ఒకసారి అర్ధరాత్రి నాన్నకి ఊపిరాడక గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పండక్కి మేం ఊళ్ళోనే ఉన్నాం. మూడో వరస మడిచి, రెండో వరస వాల్చి, పరుపు వేసి పడుకోబెట్టాం. గతుకుల రోడ్డు మీద కూడా ఆయన ఒంటికి పెద్ద కుదుపు తగలనివ్వలేదు. అద్దె బండికి ఆ వేళ ఎవరికి ఫోన్ చేసేవాణ్ణి? ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో మైలేజీ మాట ఎత్తినవాళ్ళు లేరు. ఎత్తుంది కదా అని వాన నీళ్ళలోకి దూకించే సాహసాలు మాత్రం చేయను. ఇంజన్ నీళ్ళు పీల్చిందంటే ఎస్‌యూవీ అయినా ఒకటే, ఆటో అయినా ఒకటే.

మీ ఆరుగురిలో వెనక కూర్చోవడానికి పన్నెండేళ్ళ లోపు పిల్లలున్నారా? అయితే ఎస్‌యూవీ పనికొస్తుంది. రెండో వరసలో విడి సీట్లున్న ఆరు సీట్ల వేరియంట్ చూడండి, పిల్లలు మధ్యలోంచి వెనక్కి దూరిపోతారు. పెద్దవాళ్ళే వెనక కూర్చోక తప్పదంటే ఇన్నోవా లాంటిది చూడండి. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చినప్పటి నుంచి మనవాళ్ళు ఏ పెద్ద అద్దె బండినైనా ఇన్నోవా అనేస్తారు గానీ, నిజానికి అది ఎస్‌యూవీ కాదు, మనుషుల్ని మోయడానికి చేసిన బండి. వెనక కూర్చుంటే ఆ తేడా తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కి ఆరుగురూ వెళ్ళండి. అత్తయ్యగారో అమ్మగారో ఎవరికి మోకాళ్ళ నొప్పులుంటే వాళ్ళని ముందు ఎక్కించండి. మీరు మూడో వరసలో అరగంట కూర్చోండి, షోరూం చుట్టూ ఒక రౌండుతో సరిపెట్టనివ్వకండి. బండిని మీ ఇంటిదాకా తీసుకెళ్ళి సెల్లార్లో మీ స్లాట్లో పెట్టి చూడండి, తలుపు ఎంత తెరుచుకుంటుందో.