పెళ్లిరోజు దారిలో వస్తే: పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. బంగారుతల్లికి, అల్లుడు గారికి, అమలాపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

చెన్నై నుంచి పూరీ దాకా కారులో వెళ్తున్నామని, మధ్యలో పెళ్లిరోజు వస్తోందని, ఆ రాత్రికల్లా విశాఖపట్నం చేరిపోయి పెద్ద హోటల్లో భోంచేద్దామనుకుంటున్నామని ఫోన్‌లో చెప్పావు. ఆ ప్లాన్ మానుకో తల్లీ. కాగితం మీద పెడితే ఇద్దరూ కూర్చుని చదువుకుంటారని రాస్తున్నాను.

పొద్దుటి నుంచి స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రాత్రి ఎనిమిదింటికి కావలసింది నడుం వాల్చడం. పక్క సీట్లో కూర్చుని ఆ రోజు కోసమే ఎదురుచూసిన మనిషికి కావలసింది నాలుగు మాటలు, మంచి చీర కట్టుకుని ఒక ఫోటో. తప్పు ఎవరిదీ ఉండదు, కానీ గొడవ అక్కడే మొదలవుతుంది. మీ పెదనాన్నగారూ నేనూ కారులో చాలా ఊళ్లు తిరిగాం. పెళ్లిరోజు దారిలో వచ్చిందంటే ఆయన మధ్యాహ్నానికల్లా బండి నీడలో పెట్టేసి తాళాలు నా చేతికిచ్చేవారు. మర్నాడు పొద్దున్న దాకా మళ్లీ అడిగేవారు కాదు. అల్లుడు గారూ, మీరూ అలాగే ఇచ్చేయండి.

ఎక్కడ ఆగాలో చెప్తాను. ఒంగోలు దాకా వచ్చాక విజయవాడ వైపు వెళ్లకుండా 216 నంబరు హైవే పట్టండి. చీరాల, బాపట్ల, మచిలీపట్నం మీదుగా మా వైపు వచ్చి, కాకినాడ దాటాక కత్తిపూడి దగ్గర మళ్లీ పెద్ద హైవేలో కలుస్తుంది. ఈ దారిలో గోదారి మూడు పాయలూ దాటుతారు. చించినాడ దగ్గర వశిష్ఠ, బోడసకుర్రు దగ్గర వైనతేయ, ఎదుర్లంక దగ్గర గౌతమి. ఆ ఆఖరి వంతెన దిగితే యానాం. పెళ్లిరోజు ముందు సాయంత్రానికే చించినాడ వంతెన దిగగానే వచ్చే దిండి అనే ఊరు చేరి, రెండు రాత్రులకీ గది తీసుకోండి. ఒక్క రాత్రికే తీసుకుంటే పెళ్లిరోజు పొద్దున్న సామాన్లు సర్దుకోవడానికే సరిపోతుంది.

మా వైపు కిలోమీటర్లు చూసి టైం లెక్క వేయకండి. హైవే దిగితే అన్నీ కాలవగట్టు రోడ్లే. ఒకపక్క నీళ్లు, ఒకపక్క పల్లంలో చేలు, మధ్యలో రెండు బళ్లు తప్పుకోవడమే కష్టం. కొబ్బరికాయల లారీ ఎదురైతే ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. చీకటి పడ్డాక గట్టు ఎక్కొద్దు, ఎదురొచ్చే ట్రాక్టరుకి లైట్లుంటాయని నమ్మడానికి లేదు. తెల్లారగట్ల మంచు కూడా దట్టంగా పడుతుంది, ఎండ వచ్చాకే బయల్దేరండి. మీరు వచ్చేసరికి దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పడి చేలన్నీ పచ్చగా ఉంటాయి. తాపీగా చూసుకుంటూ రండి.

ఇక ఆ రోజు సంగతి. లేవగానే గంటసేపు ఫోన్లకి కేటాయించండి. మీ అమ్మ, అత్తగారు, మేనత్తలు అందరితో మాట్లాడి, దీవెనలు తీసుకుని, ఆపైన సాయంత్రం దాకా ఫోన్ బ్యాగులో పడేయండి. అత్తగారికి నువ్వే ముందు చెయ్యి. కట్టుకునే చీర, జాకెట్టు, అల్లుడు గారి పంచె విడిగా చిన్న సంచిలో పెట్టి పైనే ఉంచుకో. పట్టుచీర వద్దమ్మా, రేవుల దగ్గర ఇసక, తడి ఉంటాయి. మంచి నేతచీర చాలు. కేకు చెన్నైలో కొని డిక్కీలో పెట్టుకుని రావద్దు, ఆ వేడికి ఏమీ మిగలదు.

కారు తీసేది ఒక్కసారే, అంతర్వేదికి. మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా వెళ్లాలి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. అక్కడి ఇసక మేటను అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఏరూ సముద్రం కలిసే చోట లాగుడు ఎలా ఉంటుందో పైకి తెలియదు. ఇంకో మాట, మీ పెళ్లి మాఘమాసంలో అయింది కాబట్టి క్యాలెండర్ చూసుకోండి. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. మీ తారీఖు ఆ రోజుల్లో పడితే జనంలో కారు కదలదు. అప్పుడు అంతర్వేది మానేసి దిండిలోనే ఉండిపోండి.

తిరిగి వస్తూ సఖినేటిపల్లి రేవులో ఆగండి. అక్కడ పంటు, అంటే ఏరు దాటించే పెద్ద బల్లకట్టు ఉంటుంది, వశిష్ఠ మీదుగా నరసాపురం వెళ్తుంది. కార్లు కూడా ఎక్కిస్తారు గానీ మీ కారు ఒడ్డునే వదిలి మీరిద్దరే ఎక్కండి. బల్లల మీద మోటారు సైకిళ్లు ఒకదానికొకటి ఆనించి పెడతారు. పాలక్యాన్ల వాళ్లు, స్కూలు పిల్లలు, గంపలో చేపలతో ఆడవాళ్లు. ఇంజను దడదడకి కాళ్ల కింద బల్ల అదురుతుంది, నీళ్ల మీద గాలికి కొంగు నిలవదు. ముందు వైపు ఒక మూలన నిలబడండి. అవతల నరసాపురంలో టీ తాగి, నచ్చితే ఒక లేసు ముక్క కొనుక్కుని తిరుగు పంటులో వచ్చేయండి. ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చేత్తో అల్లే లేసది. పెళ్లిరోజు కానుక అంటే అల్లుడు గారు అంతకన్నా ఖరీదైంది వెతకనక్కర్లేదు, నీకు నచ్చింది ఓపిగ్గా ఎంచుకోనిస్తే చాలు.

భోజనం మధ్యాహ్నమే ఘనంగా చేయండి. పులస ఉందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. అది వరద గోదారిలో ఎదురీదుతూ వచ్చే చేప, ఆషాఢ శ్రావణాల్లో రావాలి. మీరొచ్చే రోజుల్లో పండుగప్ప, రొయ్యలు తాజాగా దొరుకుతాయి. తర్వాత తాళాలు నీ దగ్గర పెట్టుకుని ఇద్దరూ పడుకోండి. సాయంత్రం గోదారి ఒడ్డున ఎంతసేపైనా కూర్చోండి. ఇంటి లోను, ఆఫీసు గొడవలు మాట్లాడుకోవడానికి పూరీ దాకా బోలెడు రోడ్డు ఉంది, ఆ పూటకి అవి ఎత్తొద్దు.

సత్యనారాయణ వ్రతం చేయించుకోవాలని అత్తగారు అన్నారన్నావు. అన్నవరం కత్తిపూడి దాటగానే మీ దారిలోనే ఉంది, మర్నాడు చేసుకోండి. పెళ్లిరోజే చేయాలని పరిగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. తీరిక లేకపోతే కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర దణ్ణం పెట్టుకుని, ఆకులో కట్టిచ్చే గోధుమనూక ప్రసాదం తీసుకెళ్లండి.

పెళ్లిరోజు మా ఇంటికి రమ్మని నేను అడగను, మీ అమ్మ బలవంతపెట్టినా వద్దని చెప్పు. మర్నాడు అమలాపురం మీదుగానే వెళ్లాలి కదా, అప్పుడు ఆగండి. అంబాజీపేట నుంచి పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, పొట్టిక్కలంటారు, తెప్పిస్తాను, పనసపొట్టు కూర చేస్తాను. బొట్టు పెట్టి మీ ఇద్దరికీ బట్టలు పెట్టాలని ఉంది. ఆత్రేయపురం పూతరేకులు కూడా తెప్పించి ఉంచుతాను, దారి తప్పి మీరు అక్కడిదాకా వెళ్లొద్దు. వాటిని డిక్కీలో బ్యాగుల కింద పెడితే పొడైపోతాయి, వెనక సీటు మీద చోటు ఖాళీగా ఉంచు. బయల్దేరే ముందు స్టెప్నీలో కూడా గాలి చూపించుకోమని పెదనాన్నగారు మరీ మరీ చెప్పమన్నారు.

మీ పెద్దమ్మ